ఆ పువ్వు మా వైపు దొరకదన్నాను

ఇప్పుడు పెళ్లి ఏర్పాట్ల పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "అంకుల్, మీ రోజుల్లో డెస్టినేషన్ వెడ్డింగులు ఉండేవా?" అని అడుగుతుంటారు. ఉండేవి నాయనా. కాకపోతే అప్పట్లో మేం వాటిని తలనొప్పి అనేవాళ్లం.

నేను మచిలీపట్నంలో, అంటే మా బందరులో, ఒక కల్యాణమండపానికి ఇరవయ్యేడేళ్లు మేనేజరుగా చేసి రిటైరయ్యాను. పని బాగా చేస్తాడని ఎంత పేరుందో, నోరు మంచిది కాదని అంతకు రెండింతలు పేరుంది. వంటవాళ్లు వెనకాల నన్నేమనేవాళ్లో నాకు తెలుసు. అది ఇక్కడ రాయను, మనవరాలు చదువుతుంది. ఇన్ని పెళ్లిళ్లు చేయించాను కదా, వాటిలో మీకు చెప్పుకోదగ్గది ఒకటే. అదీ నేను బాగా చేసిన పెళ్లి కాదు, పాడుచెయ్యబోయిన పెళ్లి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఒకరోజు మధ్యాహ్నం ఒక కుర్రాడూ ఒక అమ్మాయీ మోటారుసైకిలు మీద మండపానికి వచ్చారు. కుర్రాడిది దివిసీమలో కోడూరు పక్కన పల్లె. క్రైస్తవులు, వాళ్ల నాన్న చర్చి పెద్ద. ఆ అమ్మాయిది థాయిలాండు. సముద్రం దగ్గర రొయ్యపిల్లల్ని పొదిగించే హేచరీ ఒకటుంటే, అందులో మనవాళ్లకి పని నేర్పడానికి వచ్చింది. ఈ కుర్రాడు ఆమె దగ్గర పని నేర్చుకున్నాడు. ఆమె ఇతని దగ్గరా, చెరువుల మీద కూలీల దగ్గరా తెలుగు నేర్చుకుంది.

"అంకుల్, పెళ్లి రెండు రోజులండీ. మొదటిరోజు బందరు చర్చిలో. తెల్లగౌను, ఉంగరాలు, కేకు, అన్నీ దొరల పద్ధతి. రెండోరోజు పొద్దున మా ఊళ్లో, మా ఇంటి ముందు, వాళ్ల థాయ్ పద్ధతి" అన్నాడు కుర్రాడు.

నేను చేతిలో పెన్ను కింద పెట్టేశాను. థాయ్ పద్ధతంటే నాకేం తెలుసు? నేను ఆలోచిస్తుంటే ఆ అమ్మాయి నా వైపు వంగి, "సారూ, నువ్వు చేస్తావా చెయ్యవా? చెప్పరా" అంది.

కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమనుకోకండి అంకుల్, చెరువుల దగ్గర అందరూ అలాగే మాట్లాడుకుంటారు, మర్యాద మాటలు ఇంకా రాలేదు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఎవరూ నన్ను 'రా' అన్న పాపాన పోలేదు. ఎందుకో నాకు నవ్వొచ్చింది. చేస్తానన్నాను.

ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చింది. కావలసినవన్నీ అందులో బొమ్మలు వేసి ఉన్నాయి. ఊరేగింపులో పట్టుకెళ్లడానికి చెరకుగడలు, అరటి పిలకలు. ఆహా, అవి మాకు కొత్తా! పెళ్లికూతురి తలకీ పెళ్లికొడుకు తలకీ కలిపి చుట్టడానికి తెల్ల నూలు. పెడన నేతగాళ్ల దగ్గర ఎంత కావాలంటే అంత. కూర్చోడానికి పీటలు. చేతుల మీద నీళ్లు పోయడానికి ఒక శంఖం.

కుర్రాడు మండపం ఫోన్లో ఇదంతా వాళ్ల నాన్నకి చదివి వినిపిస్తుంటే, శంఖం దగ్గర ఆయన అడ్డం తిరిగాడు. "శవం ముందు ఊదేది పెళ్లికెందుకండీ? మా వాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఊదరండీ బాబూ. అందులో నీళ్లు పోసుకుని పెద్దవాళ్లు పిల్లల చేతుల మీద ధారగా పోస్తారు, దీవిస్తారు. అంతే. వాళ్లకది మంచిది. మనకి చెడ్డదైతే వాళ్లకీ చెడ్డదైపోతుందా?" అని ఫోను అందుకుని లెక్చరు దంచాను. ఆయన మెత్తబడి సరేనన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈ లెక్చరు ఇంకో రెండు నిమిషాల్లో నాకే పనికొస్తుందని అప్పుడు తట్టలేదు.

నోటుపుస్తకంలో ఆఖరి పేజీలో ఒక పువ్వు బొమ్మ ఉంది. దళసరిగా, మైనంతో చేసినట్టున్న ఐదు రేకులు, నడుమ చిన్న కిరీటం. తెల్లది కావాలని గీత గీసి పెట్టింది. చూసీ చూడగానే గుర్తుపట్టాను. జిల్లేడు పువ్వు.

"ఇది ముఖ్యం సారూ" అంది ఆ అమ్మాయి. తర్వాత తనకొచ్చిన తెలుగులో, రానిచోట కుర్రాడి సాయంతో చెప్పింది. వాళ్లమ్మ రోడ్డు పక్కన కూర్చుని పూలదండలు అమ్ముతుంది. తండ్రి చిన్నప్పుడే వదిలేసి పోయాడు. ఆ దండల మీదే ఈ పిల్లని పెంచింది, చదివించింది. వాళ్ల ఊళ్లో ఎవరి పెళ్లైనా దండ ఆమె చేతిదే. "అందరికీ కట్టింది. నాకు కట్టాలి. అమ్మ ఇంకేమీ అడగలేదు. బంగారం లేదు, చీర లేదు. ఈ పువ్వు ఉంటే చాలు. నీళ్లు పోసే రోజు నా మెళ్లో అమ్మ దండ వెయ్యాలి" అంది.

అంత వివరంగా చెప్పింది. విన్నాను. విని కూడా, కళ్లార్పకుండా, "ఆ పువ్వు మా వైపు దొరకదమ్మా" అన్నాను. కుర్రాడు ఏదో అనబోతే కళ్లెర్రజేసి ఆపేశాను.

మీరు నవ్వుకోవచ్చు. బందరు నుంచి కోడూరు దాకా ఏ కాలవగట్టు చూసినా, ఏ పాడుపడ్డ దిబ్బ చూసినా జిల్లేడే. కానీ మా మనసులో ఆ చెట్టుకున్న పేరేమిటి? ఇల్లు నాశనమైపోవాలని తిట్టాలంటే, నీ ఇంట్లో జిల్లేళ్లు మొలవా అని తిడతాం. మూడో పెళ్లి చేసుకునేవాడికి ముందు జిల్లేడు చెట్టుతో పెళ్లి జరిపించే ఆచారం మా తాతల నాటిది. వినాయకుడికీ ఆంజనేయస్వామికీ వేస్తాం, అది వేరు. కొత్త పెళ్లికూతురి మెళ్లో జిల్లేడు దండా? నా చేతుల మీదుగానా? రేపు ఆ పిల్లలకి చిన్న తలనొప్పి వచ్చినా, ఫలానా మేనేజరు జిల్లేడు దండ వేయించాడండీ అంటారు. ఆ మాట నేను పడలేను. అదీ అసలు సంగతి. పైకి మాత్రం, అబ్బే, పెళ్లికొడుకు వాళ్ల నాయనమ్మ పాతకాలం మనిషి, ఆవిడ ఒప్పుకోదులే అని నాకు నేను చెప్పుకున్నాను.

బందరు పక్కన గూడూరు నుంచి మా మండపానికి పూలు తెచ్చే ఆవిడ ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. నా నోటికి భయపడని మనిషి బందరు మొత్తమ్మీద ఆవిడొక్కతే. "రెండోరోజు దండలకి తెల్లటి లిల్లీ మొగ్గలు తెప్పించక్కా, తోట్లవల్లూరు వైపు నుంచి. కట్టేది పెళ్లికూతురి తల్లే" అన్నాను. జిల్లేడు ఊసు ఎత్తలేదు.

పెళ్లికి మూడు రోజుల ముందు ఆడపెళ్లివారు పదకొండుమంది మద్రాసు నుంచి రైల్లో గుడివాడలో దిగారు. నేనూ పెళ్లికూతురూ మూడు కార్లు తీసుకుని వెళ్లాం. తల్లి చిన్న మనిషి. జుట్టు సగం నెరిసింది. రైలు దిగుతూనే కూతుర్ని పట్టుకుని ఏడ్చి, ఆ కళ్లు తుడుచుకోకుండానే నాకు రెండు చేతులూ జోడించి నవ్వింది. ఆ వేళ్లు చూశాను. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిపోయాయి.

గుడివాడ దాటి కొంతదూరం వచ్చామో లేదో, ఆవిడ కిటికీలోంచి ఏదో చూసి కేకపెట్టింది. కారాపమంది. పాపం, ప్రయాణం బడలిక, వాంతేమో అనుకుని ఆపించాను. ఆవిడ తలుపు తీసుకుని, కాలవగట్టు మీదికి పరిగెత్తినట్టే వెళ్లింది. వెళ్లి జిల్లేడు పొదని రెండు చేతులతో పట్టుకుంది. నవ్వుతోంది, ఏదేదో చెప్తోంది, మళ్లీ కళ్లనిండా నీళ్లు.

పెళ్లికూతురు నా పక్కన నిలబడి మెల్లగా తెలుగులో చెప్పింది. "అమ్మ అంటోంది, ఇక్కడ కూడా ఉంది, అయితే నాకు భయం లేదు అంటోంది."

అని నా మొహంలోకి చూసింది. అప్పుడైనా తప్పైపోయిందమ్మా అనొచ్చు కదా! నా బుద్ధి గడ్డితిన్నది. "అది వేరే జాతమ్మా. విషం. పాలు కంట్లో పడితే కళ్లు పోతాయి. మీ దేశం పువ్వు కాదది" అన్నాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం గుంజలాగా పాతాను. అమ్మాయి ఆ మాటే తల్లికి చెప్పింది. తల్లి నా వైపు చూసింది. తలాడించింది. పొదని వదిలేసి, చేతులు పమిటలాంటి గుడ్డకి తుడుచుకుని కారెక్కింది.

మొదటిరోజు పెళ్లి గురించి గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది, చెప్పుకోనివ్వండి. తెల్లగౌనులో ఆ అమ్మాయి మేనమామ చెయ్యి పట్టుకుని నడిచొస్తుంటే చర్చిలో ముసలమ్మలు కూడా లేచి నిలబడ్డారు. ఉంగరాలు, ప్రమాణాలు, పాటలు, అన్నీ అనుకున్న వేళకి అయ్యాయి. ఒక్క కేకు దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. గుడివాడలో చేయించిన మూడంతస్తుల కేకు, ఆ గోతుల రోడ్డు మీద వచ్చేసరికి కింద అంతస్తు ఒక పక్కకి కుంగిపోయింది. నేను బేకరీవాణ్ణి బూతులు తిడుతుంటే, మా వంటమాస్టరు కిక్కురుమనకుండా వెళ్లి, కుంగినచోట నాలుగు బందరు లడ్లు కూరి, పైన క్రీము పూసి నిలబెట్టేశాడు. కోసినప్పుడు లడ్డూ వచ్చినవాళ్లు అదృష్టవంతులని ఎవడో పుట్టించాడు. పెళ్లికూతురి మేనమామ అయితే తనకి రాలేదని రెండో ముక్క అడిగి తిన్నాడు.

సాయంత్రం విందు మొదలైంది. నేను కాలరెగరేసుకుని తిరుగుతుంటే, మా పూలక్క నా చొక్కా పట్టుకుని స్టోరు గదిలోకి లాక్కెళ్లింది.

అక్కడ చాప మీద పెళ్లికూతురి తల్లి కూర్చుని ఉంది. పొడుగాటి సూదికి లిల్లీ మొగ్గలు గుచ్చుతోంది. నేను వేల దండలు చూశాను, అంత పని ఎక్కడా చూడలేదు. చక్రంలా తిరుగుతోంది మొగ్గల వరస. ఆవిడ నన్ను చూసి చప్పున నవ్వి మళ్లీ పనిలో పడింది.

"పొద్దుటి నుంచీ ఆవిడ పక్కనే ఉన్నాను తమ్ముడూ. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఆవిడ భాష రాదు. మాకేం అడ్డం కాలేదు" అంది అక్క. "ఇందాక తన సంచీలోంచి రుమాలు తీసి విప్పింది. అందులో వాడిపోయిన జిల్లేడు పువ్వుంది. దాన్ని మెడ దగ్గర పెట్టుకుని కూతుర్ని చూపించింది. దండ చివర వేలాడే కుచ్చు చూపించింది. తర్వాత చెయ్యి ఇట్టా ఊపి, పోనీలే అన్నట్టు మళ్లీ రుమాల్లో కట్టేసుకుంది. నిజం చెప్పు. ఆవిడ అడిగింది జిల్లేడేనా?"

"అవునక్కా. కానీ మంచిది కాదు కదా. పెళ్లికొడుకు నాయనమ్మ అసలొప్పుకోదు."

"అడిగావా?"

"అడగాలా ఏంటి? పెద్దావిడ, డెబ్బయ్యేడు ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్న మనిషి. ఆవిడ ముందు జిల్లేడు పేరెత్తితే బాగుంటుందా?"

"నేనడిగింది బాగుంటుందా అని కాదు. అడిగావా అని."

నాకు కోపం వచ్చేసింది. "నువ్వు తెస్తావా అయితే? పెళ్లికి జిల్లేడు పూలు నీ చేత్తో తెస్తావా?" అని అరిచాను.

అక్క నా చొక్కా వదిలేసింది. "నాకూ భయమే తమ్ముడూ. నలభై ఏళ్లుగా ఆ చెట్టు నీడ నా బుట్ట మీద పడనివ్వలేదు. కానీ నాకు భయమైతే నాకు భయమని చెప్తాను. ఇంకో ముసలమ్మ పేరు చెప్పి ఆ తల్లిని ఏడిపించను" అంది.

చెంప మీద కొట్టినట్టయింది. నేను చాప వైపు చూశాను. ఆ మహాతల్లి అప్పటికే ఒక దండ పూర్తిచేసి, దాన్ని పైకెత్తి పట్టుకుని చూసుకుంటోంది. చాలా అందంగా ఉంది. కానీ చూసే ఆ కళ్లలో సంతోషం లేదు.

మర్నాడు తెల్లవారేసరికి అందరం కోడూరు పక్కన పెళ్లికొడుకు ఊళ్లో ఉన్నాం. షామియానా ముందురోజే వేయించేశాను. ఆడపెళ్లివారి ముహూర్తం తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకి. వాళ్లకి తొమ్మిది అంకె మంచిదట. మన పంతుళ్లలాగా తెల్లవారుజామున మూడింటికి పెట్టనందుకు వాళ్లకి శతకోటి దండాలు పెట్టుకున్నాను. నేను కారు దిగి, ఇంకేదీ చూసుకోకుండా, పెరట్లో మొహం కడుక్కుంటున్న నాయనమ్మ దగ్గరికి తిన్నగా వెళ్లాను. ఆగితే మళ్లీ ధైర్యం చాలదని భయం.

"అమ్మా, ఒక మాట. పెళ్లికూతురి తల్లి కూతురికి దండ కట్టుకోవాలనుకుంటోంది. వాళ్ల దేశంలో పెళ్లిదండలో జిల్లేడు పూలు పెడతారంట. మీకు మనసుకి కష్టమైతే..." అని నీళ్లు నమిలాను.

"జిల్లేడా?" అంది ఆవిడ. మొహం తుడుచుకుని గట్టు మీద కూర్చుంది.

"ఇదిగో, ఇప్పుడు ఈ ఇల్లుంది చూశావా, ఇక్కడే మా పాత ఇల్లు. ఉప్పెనకి పునాదులు మిగిలినయ్యి. వీడి తాత పోయాడు. మా చిన్నపిల్ల పోయింది. మా పెద్దోడూ కోడలూ నెలల పిల్లాడితో ఇంటికప్పు మీదికెక్కి, అది తెగి కొట్టుకుపోయి, ఎట్టాగో బతికారు. ఆ పిల్లాడే ఈ పెళ్లికొడుకు. ఉప్పునీళ్లు నిలబడి నేలంతా చవుడు తేలింది. ఏడాది తిరిగినా గడ్డిపరక మొలవలా. ఈ ఊళ్లో ఇంక ఉండొద్దు, ఎటన్నా పోదామని మూటలు కట్టుకున్నాం. అప్పుడు మా పునాదుల మీద ఒక మొక్క లేచింది. ఏంటా అని చూస్తే జిల్లేడు. పూసింది కూడా. వీడు అప్పుడే తప్పటడుగులేస్తున్నాడు, ఆ మొగ్గలు కోసి టప్పుమనిపించి పకపకా నవ్వాడు. ఉప్పెన తర్వాత మా ఇంట్లో నవ్విన మొదటి నవ్వయ్యా అది. ఇది బతికింది, మేం బతకలేమా అనుకుని మూటలు విప్పేశాను."

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు తిరిగింది. నేను తలెత్తలేకపోయాను.

"పెళ్లికి పనికిరాదని ఎవరన్నారు?"

"నేనే అనుకున్నానమ్మా."

"అనుకుంటే అనుకున్నావు. మధ్యలో నా పేరెందుకు పెట్టావు?"

ఆవిడకెవరు చెప్పారో కూడా అడగలేదు. మా పూలక్క నాకంటే ముందు పెరట్లోకి వచ్చి వెళ్లిందని తర్వాత తెలిసింది.

టైము ఆరున్నర. నేను షామియానా దగ్గరికొచ్చి వేసిన కేకకి కాకులు లేచిపోయాయి. హేచరీ కుర్రాళ్లు, కుర్చీలు వేసేవాళ్లు, వంటమాస్టరు, చివరికి పెళ్లికొడుకు నాన్న, అందర్నీ తట్టలిచ్చి కాలవగట్టు మీదికి తరిమాను. చర్చి పెద్ద ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి జిల్లేడు పూలు కోస్తున్నాడు, చూడండి ఆ దృశ్యం! మా అక్క అందరి చేతులకీ కొబ్బరినూనె రాసింది. "పాలు కంట్లో పడితే చూపు పోద్ది, చేతులు మొహాన పెట్టుకోవాకండి" అని ఒక్కొక్కణ్ణీ తిట్టింది. కోసినవన్నీ తనే బక్కెట్ల నీళ్లలో ముంచి ముంచి కడిగింది. తట్ట నెత్తిన పెట్టుకునే ముందు ఒక్కసారి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. తర్వాత తట్ట ఎత్తుకుని పెళ్లికూతురి తల్లి ముందు పెట్టింది.

ఆ తల్లి ఎవరి వంకా చూడలేదు. పువ్వుల్లోకి రెండు చేతులూ పోనిచ్చి అలా ఉంచేసింది. తర్వాత సూది అందుకుంది. ముందురోజు కట్టిన లిల్లీ దండ చివర్లు ఒక్క లాగు లాగి విప్పేసి, జిల్లేడు కిరీటాలు ఒకదాని మీద ఒకటి గుచ్చడం మొదలుపెట్టింది. వేళ్లు కనిపించడంలేదు. ముందురోజు దండ కట్టిన మనిషి వేరు, ఈ మనిషి వేరు. పని చేస్తూ పాడుకుంటోంది కూడా.

ఎనిమిదిన్నరకి కూతురి దండ అయింది. పెళ్లికొడుకు దండ సగంలో ఉంది. నేను గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే, అక్క చాప మీద కూర్చుని ఇంకో సూది తీసుకుంది. ఆవిడ ఒక చివర, ఈవిడ ఒక చివర. అక్క ఒకచోట తప్పు గుచ్చితే ఆవిడ చేతి మీద చిన్న దెబ్బ వేసి సరిచేసింది. ఇద్దరూ ఫక్కున నవ్వుకున్నారు. అక్కని కొట్టి బతికిన మనిషిని నేను అదే మొదటిసారి చూడ్డం.

తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకి పిల్లలిద్దరూ పీటల దగ్గర మోకరించి, చేతులు జోడించి ముందుకు చాచారు. తలల మీద పెడన నూలు చుట్టలు, రెంటినీ కలుపుతూ ఒక దారం. కింద నీళ్లు పడటానికి పూలు వేసిన పళ్లేలు. తల్లి ఇద్దరి మెళ్లోనూ దండలు వేసింది. కూతురి దండ సర్దుతూ సర్దుతూ, ఇంక సర్దడానికి ఏమీ లేకపోయినా సర్దుతూనే ఉంది. అక్కడున్న ఆడవాళ్లందరూ కళ్లొత్తుకున్నారు. నేను స్తంభం చాటుకి వెళ్లాను. నాకు అబద్ధమెందుకు, ఏడ్చాను.

పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి శంఖంతో నీళ్లు పోస్తున్నారు. మేనమామ పోశాడు. నాయనమ్మ పోసి, మనవడి దండ వాసన చూసి నవ్వింది. పెళ్లికొడుకు నాన్న కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ పోశాడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు తల్లి లేచొచ్చి, స్తంభం చాటు నుంచి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, శంఖం నా చేతిలో పెట్టింది.

"నేనెందుకమ్మా, పనివాణ్ణి" అన్నాను. వినలేదు.

శంఖం పట్టుకుని ఆ పిల్ల ముందు వంగాను. పోసేటప్పుడు మంచిమాట ఒకటి చెప్పాలట. వేల పెళ్లిళ్లలో లక్ష దీవెనలు విన్నవాణ్ణి, ఒక్కటీ నోటికి రాలేదు. "అమ్మా, పువ్వు దొరకదని నీకు అబద్ధం చెప్పాను. రోడ్డు మీద, అది మీ పువ్వు కాదు, వేరే జాతి అని ఇంకో అబద్ధం చెప్పాను. మీ అమ్మకి చెప్పు. నన్ను క్షమించమని చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి తల కదపకుండా, దారం జారకుండా, మెల్లగా అంది. "అమ్మకి తెలుసు సారూ. ముప్పై ఏళ్లు ఆ పువ్వే కట్టింది, తెలీదా? ఆ రోజే తెలుసు."

"మరి అడగలేదేమ్మా?"

"నేను అడుగుతానన్నాను. అమ్మ వద్దంది. ఆయన భయపడుతున్నాడు, వీళ్లకి ఈ పువ్వంటే ఏదో భయం ఉంది అంది. నేను వారం రోజుల్లో వెళ్లిపోతాను, నువ్వు ఇక్కడే ఉండాలి, వీళ్లతో బతకాలి. నా దండ కోసం మొదటిరోజే వీళ్లతో గొడవ పెట్టి వెళ్తే, తర్వాత మాట పడేది నువ్వు కదా అంది. నాకు దండ వద్దు, నువ్వు బాగుండాలి అంది."

నాకు ఇంక కళ్లు కనపడలేదు. శంఖం పీట మీద పెట్టేసి, ఆ తల్లి వైపు తిరిగి, జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా వంగి దణ్ణం పెట్టాను. ఆవిడ కంగారుపడి నా భుజాలు పట్టుకుని లేపింది. శంఖం తీసి, దాన్ని నీళ్లతో నింపి, మళ్లీ నా రెండు చేతుల్లో పెట్టింది. కూతురి చేతుల వైపు చూపించి, పొయ్యమని సైగ చేసింది.

పోశాను.